పరభాషోపాధ్యాయుల శిక్షణము

బడికి పేరుపలక మార్చుట ఒక దినపు పని. బడిలోని పాఠమును మార్చుట ఒక తరము పని. మొదటిదానిని ప్రభుత్వములు ఉత్తరువులతో చేయగలవు. రెండవదానిని ఉపాధ్యాయుడు తప్ప మరియెవ్వరును చేయజాలరు. ఈ సామాన్యసత్యమును మన తెలుగు రాష్ట్రములు రెండును మరచినట్లు కనబడుచున్నది.

2019 నవంబరులో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము తన పాఠశాలలలో 1 మొదలు 6వ తరగతి వరకు మరుసటి విద్యాసంవత్సరమునుండి ఆంగ్లమాధ్యమమును ప్రవేశపెట్టవలెనని ఉత్తరువు గావించెను. 2020 ఏప్రిలులో ఉన్నతన్యాయస్థానము ఆ యుత్తరువును కొట్టివేసెను. తెలంగాణ ప్రభుత్వము 2022-23 విద్యాసంవత్సరమునుండి 1 మొదలు 8వ తరగతి వరకు ఆంగ్లమాధ్యమమునకు పూనుకొనెను. బోధన సాధ్యమైనంతవరకు మాతృభాషలో నుండవలెనని 2009 నాటి విద్యాహక్కు చట్టము చెప్పుచున్నది; వీలైనచోట కనీసము 5వ తరగతి వరకు మాతృభాషయే మాధ్యమము కావలెనని 2020 నాటి జాతీయ విద్యావిధానము చెప్పుచున్నది. ఈ విషయమున మా పక్షమేదో చదువరులకు తెలియనిది కాదు. శిశువునకు తల్లిపాలెట్టివో, విద్యార్థికి తల్లిభాష యట్టిది. ఆ మాట మరల వాదింపబోము. కాని మాధ్యమమును గూర్చిన ఈ మహావాదమున ఇరుపక్షములవారును అడుగవలసియు అడుగక విడిచిన ప్రశ్న యొకటి గలదు. ఆంగ్లము మాధ్యమమైనను సరే, ఒక పాఠ్యవిషయముగా మాత్రమే యుండినను సరే, ఆ భాషను పిల్లలకు నేర్పువా డెవ్వడు? వానికి నేర్పుట నేర్పినవా రెవ్వరు? ఎట్లు నేర్పిరి?

పరభాషను మన బడులలో నేర్పు తీరును తెలియనివారు లేరు. ఉపాధ్యాయుడు పాఠము చదువును. కఠినపదములకు అర్థములు నల్లబల్లపై వ్రాయును. ప్రశ్నలకు జవాబులు తానే చెప్పును. పిల్లలు వానిని వ్రాసికొని వల్లెవేసి పరీక్షలో దించుదురు. కర్తరి వాక్యమును కర్మణి వాక్యముగా మార్చుటలో నూటికి నూరు మార్కులు తెచ్చుకొన్న బాలుడు పరరాష్ట్రపు రైలుస్టేషనులో బండి యెన్నిగంటలకని అడుగలేక మూగవానివలె నిలుచును. పది సంవత్సరములు ఒక భాషను చదివి, ఆ భాషలో దాహమునకు నీళ్లడుగలేని చదువును ఏమని పిలువవలెను? ఆ బాలునికి తెలివి లేదనుట అన్యాయము. ఇంటివద్ద ఉరుదూ మాటలాడు పొరుగుపిల్లలతో ఆటలాడి అయిదారు నెలలలో ఉరుదూ నేర్చినవాడు వాడే. ఆటలో భాష పనికి వచ్చినది. బడిలో భాష పరీక్షకు వచ్చినది. తేడా యంతయు నక్కడనే యున్నది.

ఈ తేడాను గుర్తించి, పని చేయించుటచేతనే భాషను నేర్పవలెనను పద్ధతి యొకటి నేడు లోకమున ప్రసిద్ధిగాంచియున్నది. ఆంగ్లమున దానిని టాస్కు పద్ధతి యందురు. మేము కార్యమూలక పద్ధతి యనుచున్నాము. ఐరోపాలో, అమెరికాలో, చీనాలో దీనిని గూర్చి గ్రంథములు వెలువడినవి, మహాసభలు జరిగినవి. మన శిక్షణాలయములలో దీనిని పడమటినుండి వచ్చిన క్రొత్త సరకుగా బోధించువారు పెక్కురు గలరు. ఇది మన పెరటిచెట్టు అని వారికి తెలియునో తెలియదో! పెరటిచెట్టు మందునకు పనికిరాదను సామెత మన కేల పుట్టినదో ఈ వృత్తాంతమును చూచిన బోధపడును.

మొదట ఆ చెట్టు పుట్టిన నేలను గూర్చి చెప్పవలెను. ఆంధ్రము వేరుపడిన పిమ్మట మదరాసు రాష్ట్రమున ఆంగ్లబోధనను సంస్కరింపవలెనను ఉద్యమ మొకటి బయలుదేరెను. వాక్యనిర్మాణములను సులభమైనవానినుండి కఠినమైనవానికి మెట్లుమెట్లుగా పేర్చి, ఒక్కొక్కదానిని మాటిమాటికి పలికించి నేర్పుట ఆనాటి పద్ధతి. ఆ పద్ధతిని ఉపాధ్యాయుల కందరకు అందించుటకై మంచుముద్ద యుపాయమును పన్నిరి. కొండమీదినుండి దొరలు మంచుముద్ద దొరలినకొలది పెద్దదగునట్లు, మొదట కొందరికి శిక్షణ మిచ్చి, వారిచే మరికొందరికి, వారిచే ఇంకను పెక్కుమందికి శిక్షణ మిప్పించుట ఈ యుపాయము. 27,000 మంది ఉపాధ్యాయులకు పునఃశిక్షణము దీని లక్ష్యమని 1962లో ఆంగ్లబోధకుల పత్రికలో ప్రకటితమైన వ్యాసమొకటి చెప్పుచున్నది. సంఖ్య ఘనమైనదే. కాని ఇట్టి యుపాయములన్నిటియందును ఒక సహజదోషము గలదు. మంచుముద్ద దొరలినకొలది పెరుగునుగాని, శిక్షణము చేతులు మారినకొలది తరుగును. మొదటివాడు తరగతిలో చేసిచూపినదానిని రెండవవాడు ఉపన్యాసముగా చెప్పును. మూడవవాడు కాగితమునుండి చదువును. నాలుగవవాడు హాజరుపట్టీలో సంతకముచేసి ఇంటికి పోవును. నేడును మన జిల్లాలలో జరుగు వేసవి శిక్షణములను చూచినవారికి ఇందు అతిశయోక్తి కనబడదు.

వాక్యనిర్మాణములను పలికించు ఆ పద్ధతివలన పిల్లలు తరగతిలో వాక్యములను చక్కగా పలికిరిగాని, తరగతి వెలుపల భాషను వాడజాలరైరి. ఈ వైఫల్యమును చూచి యోచించినవాడు ఎన్. ఎస్. ప్రభు. ఆయన భారతీయుడు, మదరాసులో బ్రిటిషు కౌన్సిలునందు ఆంగ్లబోధనాధికారిగా నుండెను. దక్షిణభారత రాష్ట్రములకొరకు బెంగుళూరులో నెలకొన్న ప్రాంతీయాంగ్లశిక్షణాలయముతో గూడి, 1979 మొదలు 1984 వరకు బెంగుళూరు, మదరాసు మొదలగు చోట్ల సామాన్యపాఠశాలలలో ఆయన ఒక ప్రయోగము నడపెను. ఆయన యూహ సులభమైనది. పిల్లవాని బుద్ధి వ్యాకరణముమీద గాక అర్థముమీద నిలిచియున్నపుడే వ్యాకరణము వానిలో తనంతట తాను కుదురుకొనును. కావున పాఠ్యక్రమమున వాక్యనిర్మాణముల పట్టిక యుండనక్కరలేదు, చేయవలసిన కార్యముల వరుస యుండిన చాలును. రైలు కాలపట్టికలు, పటములు, గడియారములు, నెలల పంచాంగములు ఆ తరగతులలో పాఠ్యపుస్తకములైనవి. ఆ యనుభవమును ప్రభు 1987లో గ్రంథరూపమున ప్రకటించెను. లోకమున కార్యమూలక బోధనను గూర్చి వ్రాయు ప్రతి పండితుడును ఈ ప్రయోగమును స్మరింపక ముందునకు సాగలేడు. దక్షిణభారతపు బీదబడులలో, సామాన్యమైన నల్లబల్లయెదుట పుట్టినది ఈ పద్ధతి.

ఆ పద్ధతి స్వరూపమును చదువరులకు కన్నులకు గట్టించుటకై మేమొక పాఠమును కల్పించి చూపుచున్నాము. ఉపాధ్యాయుడు బల్లపై ఆంగ్లమున నొక పట్టిక వ్రాయును. పల్లెనుండి పట్టణమునకు మూడు బస్సులు గలవు. మొదటిది 6 గంటలకు బయలుదేరు ఎక్స్‌ప్రెసు. ప్రయాణము 2 గంటలు, ఛార్జి 90 రూపాయలు. రెండవది 7-15కు బయలుదేరు పల్లెవెలుగు. ప్రయాణము రెండున్నర గంటలు, ఛార్జి 60 రూపాయలు. మూడవది 8-15కు బయలుదేరు ఎక్స్‌ప్రెసు. కాలమును ఛార్జియు మొదటిదానికివలెనే. పట్టణపు ధర్మాసుపత్రిలో 10 గంటల తరువాత చీటీ లీయరు. రామయ్య చేతిలో 200 రూపాయలు గలవు. మందునకు 70 రూపాయలు కావలెను. ఎక్కినపోయిన తరగతి బస్సులోనే తిరిగిరావలెను. అతడు ఏ బస్సు నెక్కవలెను? ఏల?

మొదట ఇట్టిదే మరియొక లెక్కను ఉపాధ్యాయుడు తరగతియంతటితో గూడి ఆంగ్లమున ప్రశ్నోత్తరములుగా చేయించును. మొదటి బస్సు ఎన్నిగంటలకు చేరును? రానుపోను ఛార్జి యెంత? మిగిలిన దెంత? జవాబు ఒక్కమాటయైనను సరే, తప్పువాక్యమైనను సరే, భావము సరియైనచో అంగీకరించి, దానినే చక్కని వాక్యముగా తాను మరల పలుకుచు ముందునకు పోవును. పిమ్మట రామయ్య లెక్కను పిల్లలు ఎవరికివారే చేయుదురు. మూడవబస్సు 10-15కు చేరును గనుక చీటీ దొరకదు. మొదటిబస్సునకు రానుపోను 180 రూపాయలు పోవును గనుక మందునకు చాలదు. రెండవది 9-45కు చేరును, 120 పోగా 80 మిగులును. ఈ నిర్ణయమునకు వచ్చులోపల పిల్లవాడు ఆంగ్లమున ఎన్ని మాటలు విని, ఎన్ని చదివి, ఎన్ని పోల్చిచూచెనో గమనింపుడు. వాడు ఆంగ్లము నేర్చుచున్నానని యనుకొనలేదు. రామయ్యను ఆసుపత్రికి చేర్చుచున్నానని యనుకొనెను. భాష వాని కెదుట గాక చేతిలో నుండెను.

ప్రభు ఇట్టి కార్యములను మూడు తెగలుగా విభజించెను. ఒకరికి తెలిసినది వేరొకరికి తెలియకుండుటచే మాట లవసరమగునవి మొదటి తెగ. ఇది సమాచారపు వెలితి. ఉన్న సమాచారమునుండి యోచించి లేనిదానిని రాబట్టవలసినవి రెండవ తెగ. ఇది ఊహాపోహల వెలితి. రామయ్య లెక్క ఈ తెగలోనిది. తన యిష్టాయిష్టములను తానే తెలిసికొని చెప్పవలసినవి మూడవ తెగ. ఇది అభిప్రాయపు వెలితి. వీనిలో రెండవ తెగయే తరగతికి మిక్కిలి యనుకూలమని ఆయన యనుభవము. కార్యము తగినదో కాదో తెలిసికొనుటకు ఆయన పెట్టుకొన్న కొలతయు చక్కనిది. తరగతిలో ఇంచుమించు సగముమంది పనిలో సగమైనను సరిగా చేయగలిగిన, ఆ పని వారికి తగినది. అంతకంటె తక్కువైన కష్టము. మిక్కిలి యెక్కువైన ఊరక కాలక్షేపము.

ఇక ఏది కార్యము కాదో చెప్పవలెను. ఇక్కడనే మన శిక్షణములలో గందరగోళము మెండు. ఇద్దరు పిల్లలను లేపి, ముందుగా వ్రాసియిచ్చిన సంభాషణను అప్పగింపుమనుట కార్యము కాదు. అది వల్లెవేయుటకు వేసిన వేషము. నలుగురిని గుండ్రముగా కూర్చుండబెట్టి, పర్యావరణమును గూర్చి మాటలాడుకొనుడనుటయు కార్యము కాదు. ఏమి తేల్చవలెనో తెలియని మాటలు రెండు నిమిషములలో తెలుగులోని కబుర్లగును. పని యన్నచో దానికొక ప్రయోజన ముండవలెను. మాటలాడినగాని తీరని వెలితి యుండవలెను. ముగిసినదని తెలియుటకు ఒక ఫలము చేతికి రావలెను. గుంపులుగా కూర్చుండుటయే ఈ పద్ధతి యని తలచువారు ప్రభు తన తరగతులలో గుంపుపనిని కోరనేలేదని తెలిసికొందురుగాక. తరువాతివారు గుంపుపనిని చేర్చిరి. పని ముగిసినపిమ్మట భాషారూపముమీద కొంతసేపు దృష్టి నిలుపవలెననియు జేన్ విల్లిసు మొదలగువారు చెప్పిరి. ఆమె 1996 నాటి గ్రంథమున ముందు సన్నాహము, నడుమ కార్యము, దానిని గూర్చి తరగతికి నివేదించుట, తుదకు భాషాపరిశీలన అను క్రమము గలదు. మన పిల్లల వ్యాకరణభయమును బట్టియు, మన తల్లిదండ్రుల వ్యాకరణభక్తిని బట్టియు ఈ సవరణ మనకు హితమైనదే.

ఇంత మంచి పద్ధతి మన నేలపై పుట్టి, మన బడులలో ఏల వ్యాపింపలేదు? దీనికి జవాబు ఆ ప్రయోగమునందే యున్నది. ప్రయోగము ముగియు సమయమున అలన్ బెరెట్టా, అలన్ డేవిసు అనువారు ప్రయోగతరగతులను, వాని ప్రక్కన పాత పద్ధతిలో నడచిన తరగతులను పరీక్షించి 1985లో ఫలితములను ప్రకటించిరి. వాక్యనిర్మాణముల పరీక్షలో పాత తరగతులు, కార్యముల పరీక్షలో క్రొత్త తరగతులు మెరుగుగా నుండెను. ఏ పద్ధతికిని పాలుపంచుకొనని పరీక్షలలో క్రొత్తదానివైపు మొగ్గు కనబడెను. ఇంతవరకు శుభమే. కాని బెరెట్టా అంతటితో విడువలేదు. ఆ ప్రయోగమున పాఠములు చెప్పిన 15 మంది వ్రాసియిచ్చిన వృత్తాంతములను పరిశీలించి, వారు పద్ధతిని ఎంతవరకు తమదిగా చేసికొనిరో విచారించి 1990లో వ్రాసెను. శిక్షకులుగా ఆరితేరినవారు పద్ధతిని చక్కగా నడపిరి. ఆ బడులలోని సామాన్యోపాధ్యాయులు మాత్రము మొదటిమెట్టు దాటుటకు కష్టపడిరి. తమకే ధారాళముగా రాని భాషలో, పుస్తకపు ఆధారము లేక, పిల్లల జవాబులను బట్టి క్షణక్షణమును క్రొత్త ప్రశ్న లడుగుట వారికి దుర్భరమయ్యెను. పద్ధతి గెలిచినది, శిక్షణము ఓడినది. ఈ యొక్క వాక్యమున మన వాదమంతయు ఇమిడియున్నది.

పరదేశముల యనుభవమును దీనినే బలపరచుచున్నది. హాంగుకాంగులో 1990ల నాటి పాఠ్యసంస్కరణమున ప్రాథమికపాఠశాలలకు కార్యమూలక పద్ధతిని విధించిరి. తరువాత డేవిడ్ కార్లెసు పరిశీలింపగా, ఉపాధ్యాయులు ఆ పేరును స్వీకరించి, దానిక్రింద తమకు తెలిసిన పాత యభ్యాసములనే నడుపుచున్నట్లు బయటపడెను. అల్లరి పెరుగునను భయము, పిల్లలు మాతృభాషలోనికి జారుదురను భయము, పాఠ్యపుస్తకము ముగియదను భయము వారి చేతులు కట్టివేసెను. బెల్జియము దేశమున డచ్చిభాష మాటలాడు ఫ్లాండర్సు ప్రాంతమువారు దీనికి భిన్నమైన త్రోవ పట్టిరి. వలసవచ్చినవారి పిల్లలకు డచ్చిని కార్యమూలకముగా నేర్పుటకై లూవెన్ విశ్వవిద్యాలయపు భాషావిద్యాకేంద్రము పూనుకొనినపుడు, ఉపాధ్యాయులను నగరమునకు పిలిపించి ఉపన్యాసము లిచ్చుటతో సరిపెట్టలేదు. బడికే శిక్షకుని పంపి, తరగతిలో వాని ప్రక్కన నిలిపిరి. ఆ కేంద్రపు పెద్దలలో నొకడైన క్రిస్ వాన్ డెన్ బ్రాండెన్ 2006 నాటి తన గ్రంథమున ఉపాధ్యాయుల శిక్షణమును గూర్చిన అధ్యాయమునకు, అదియు కార్యమూలకముగానే జరుగవలెనా యను ప్రశ్ననే శీర్షికగా నుంచెను. ఆ ప్రశ్నకు మా జవాబు ఒక్కటే: అట్లే జరుగవలెను, మరియొక దారి లేదు.

ఏలయన, గట్టున నిలిచి ఈతను గూర్చి విన్నవాడు ఈతగాడు కాలేడు. ఈతను నేర్పువాడు అంతకంటెను కాలేడు. కార్యమూలక బోధనను గూర్చి మూడుగంటలు ఉపన్యాసము వినిన ఉపాధ్యాయుడు నేర్చుకొనినది ఏమి? ఉపన్యాసమిచ్చుట యెట్లో నేర్చుకొనెను. తాను నేర్చిన తీరుననే నేర్పుట మానవస్వభావము. వానిచే పని చేయింపక, వానిని పిల్లలచే పని చేయింపుమనుట పస్తున్నవానిని అన్నదానము చేయుమనుటవంటిది.

అట్లయిన ఆ శిక్షణ మెట్లుండవలెను? మొదటిది, ఉపాధ్యాయుడు మరల విద్యార్థి కావలెను. శిక్షణపు తొలివారమున అతనికి ఏమాత్రమును తెలియని భాష నొకదానిని కార్యములచే నేర్పవలెను. తమిళము కానిండు, కన్నడము కానిండు, ఒడియా కానిండు. బజారుచేసి కూరలు కొనుటయో, దారి యడుగుటయో అయిదుదినములు ఆ భాషలో చేసినపిమ్మట, తెలియని భాషయెదుట పిల్లవాని గుండె ఎట్లు కొట్టుకొనునో, ఒక్కమాట తగిలినపు డెట్టి సంతోషము కలుగునో అతనికి స్వానుభవమగును. ఈ విషయమున మనకు దారిచూపిన మహనీయుడు మనవాడే. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా నుండిన గిడుగు రామమూర్తి పంతులుగారు వ్యాకరణము గాని నిఘంటువు గాని లేని సవరభాషను సవరలతో మాటలాడియే నేర్చి, వారికి వాచకములు వ్రాసి, 1931లో ఆ భాషకు వ్యాకరణగ్రంథమును, 1938లో సవర-ఆంగ్ల నిఘంటువును వెలయించిరి. మాటలాడుటవలన భాష వచ్చుననుటకు అంతకంటె నిదర్శనము పడమటినుండి తెచ్చుకొనవలయునా?

రెండవది, శిక్షణము బడిలో జరుగవలెను. ఉపాధ్యాయుడు తన తరగతికొక కార్యమును తానే కల్పించి, దానిని నడపి, ప్రక్కనున్న తోడియుపాధ్యాయునిచే చూపించుకొని, సాయంకాలము ఇద్దరును కూర్చుండి ఏది పొసగినది, ఏది పొసగలేదు, ఏల యని విచారించుకొనవలెను. మరునాడు ఆ కార్యమునే సవరించి వేరొక తరగతిలో నడుపవలెను. ఒక సంవత్సరమున ఇట్టివి ఇరువది చేసినవాడు ఇరువది శిక్షణశిబిరములలో సంతకములు చేసినవానికంటె వేయిరెట్లు మేలు. ఉపాధ్యాయునికి తన బోధనయందు తనకే విశ్వాసముండి, అది జీవముతో పెరుగుచుండుటయే ఏ పద్ధతికంటెను ముఖ్యమని ప్రభు 1990లో వ్రాసిన వ్యాసపు సారాంశము. ఆ విశ్వాసము ఉత్తరువుచే రాదు, చేతిపనిచే వచ్చును.

మూడవది, ఉపాధ్యాయుని స్వంత భాషాజ్ఞానము. ఇది చెప్పుటకు పలువురు సంకోచింతురు, మేము సంకోచింపము. తనకు ధారాళముగా రాని భాషలో ఎవ్వడును కార్యములు నడుపలేడు. ఇది ఉపాధ్యాయుని తప్పు కాదు. వల్లెవేయించి పట్టమిచ్చి, ఆ పట్టమును చూచి కొలువిచ్చినవారి తప్పు. అతనిని నిందించుటకు మారుగా, సంవత్సరమునకు కొన్ని వారములు జీతముతో సెలవిచ్చి, ఆ భాషను విని, మాటలాడి, చదివి, వ్రాయు నవకాశము కల్పించుట ప్రభుత్వముల ధర్మము. 1958లో హైదరాబాదులో ఆంగ్లశిక్షణమునకై నెలకొల్పబడిన కేంద్రసంస్థ నేడు విశ్వవిద్యాలయమై మన నట్టింట నున్నది. 1986 నాటి జాతీయ విద్యావిధానము పిమ్మట జిల్లాకొక శిక్షణసంస్థయు ఏర్పడినది. అంగటిలో అన్నియు నున్నవి.

కొన్ని యాక్షేపణలు మా చెవిని బడియున్నవి. అరువదిమంది పిల్లలున్న తరగతిలో ఇది సాధ్యమా యందురు. ప్రభు ప్రయోగము జరిగినది విశాలమైన గదులలోని పదిమంది శ్రీమంతుల బిడ్డలతో కాదు; సామాన్యపు బడులలో, ఉపాధ్యాయుడు తరగతియంతటితో మాటలాడుచు నడపినది. పిల్లలు తెలుగు మాటలాడుదురే యందురు. మాటలాడనిండు. ఆ ప్రయోగమున మాతృభాషకు నిషేధము లేదు. తెలుగులో యోచించి ఆంగ్లమున జవాబు చెప్పిన బిడ్డ రెండు భాషలను సాధించెను. తెలుగు పలికినందుకు జరిమానా కట్టిన బిడ్డ ఒకదానిని ద్వేషించి, రెండవదానికి భయపడెను. తరగతిలో తెలుగు పలికిన బిడ్డను దండించు బడి ఏ యూరిలో నున్నను అది మన జాతికి తలవంపు.

పరీక్షను గూర్చిన యాక్షేపణ మాత్రము బలమైనది. పరీక్ష వల్లెవేసినదానిని అడుగుచున్నంతకాలము ఉపాధ్యాయుడు పనిచేయించుటకు జంకును. అతని జంకు న్యాయమే. పదవ తరగతి పరీక్షలో చూడని పట్టికను, చూడని ఉత్తరమును ఇచ్చి, దానితో ఒక నిర్ణయమునకు రమ్మని యడుగు ప్రశ్నలు ఏటేట పెరుగవలెను. మాటలాడుటకు మార్కు లుండవలెను. పరీక్ష నొకవైపునకును శిక్షణమును మరియొకవైపునకును లాగినచో నడుమ నలిగిపోవునది పిల్లవాడు.

జాతీయాభిమానులైన కొందరు, పరభాషను చక్కగా నేర్పుటకై మనకింత తాపత్రయ మేల యని యడుగవచ్చును. మా సమాధానము స్పష్టము. పరభాషను చెడుగా నేర్పుట స్వభాషకు సేవ కాదు. బడిలో ఆంగ్లము రానందుననే బీదతండ్రి తన పొలము కుదువబెట్టి బిడ్డను బొమ్మలపుస్తకముల ప్రైవేటుబడికి పంపుచున్నాడు. ఆ భయముచేతనే తెలుగుమాధ్యమపు తరగతులు ఖాళీయగుచున్నవి. తెలుగులో చదువుకొనుచునే ఆంగ్లమును ధారాళముగా వాడగల బిడ్డలను మన ప్రభుత్వపాఠశాలలు చూపగలిగిననాడు మాధ్యమపు వాదము తనంతట తానే చల్లారును. పని చేయుచు నేర్చుట మన జాతీయవిద్యకు పరాయిది కాదు. 1937 అక్టోబరులో వార్ధాలో గాంధీమహాత్ముని అధ్యక్షతను జరిగిన విద్యామహాసభ చేతిపనిని చదువునకు నడిబొడ్డున నిలిపి, బోధన మాతృభాషలో జరుగవలెనని తీర్మానించినది. చేతిపనికి గణితమెట్లు అంటుకొనునో, కార్యమునకు భాష యట్లంటుకొనును.

మరియొక సంగతి మన తెలుగువారే ముఖ్యముగా ఆలోచింపవలసినది. పరభాష యనగానే మనకు ఆంగ్లమే తోచును. భద్రాచలపు మన్యమున కోయబిడ్డకు, ఆదిలాబాదు అడవులలో గోండుబిడ్డకు, సీతంపేట కొండలలో సవరబిడ్డకు మన తెలుగే పరభాష. ఆ బిడ్డయెదుట తెలుగుపంతులు నిలుచుట, మన బిడ్డయెదుట ఆంగ్లోపాధ్యాయుడు నిలుచుటవంటిదే. మనపై ఆంగ్లము రుద్దబడినదని మొరపెట్టు మనము, ఆ బిడ్డకు తెలుగును వల్లెవేయించి, రానందుకు మొద్దని పేరుపెట్టుట న్యాయమా? గిరిజనపాఠశాలల తెలుగుపంతుళ్లకు ఈ శిక్షణము అందరికంటె ముందుగా కావలెను. విదేశములలో స్థిరపడిన తెలుగువారి బిడ్డలకు ఆదివారపు బడులలో గుణింతములు దిద్దించు తల్లులకును ఇదే మందు. తెలుగున ఒక వంట వండించినచో, అమ్మమ్మకు టెలిఫోనులో దాని వివరము చెప్పించినచో వచ్చు భాష, గుణింతముల పుస్తకము పది నింపినను రాదు.

కావున మేము కోరునది ఇది. రెండు ప్రభుత్వములును వేసవిశిబిరముల ఉపన్యాసములను తగ్గించి, ఆ ద్రవ్యముతో మండలమునకొక అనుభవశాలియైన శిక్షకుని నియమించి, అతనిని బడులలో తిరుగనీయవలెను. ఉపాధ్యాయవిద్యా కళాశాలలు పద్ధతులపేర్లను ప్రశ్నపత్రములలో అడుగుట మాని, పట్టమునకు వచ్చువాడు తాను కల్పించి నడపిన కార్యములనే పరీక్షగా గ్రహింపవలెను. పరీక్షాధికారులు ప్రశ్నపత్రమును మార్చవలెను. ఇక పట్టణములలోని విద్యావంతులకు ఒక మనవి. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయసంఘము పుట్టినప్పటినుండియు మన పఠనమందిరములు కేవలము పత్రికలు చదువు చావడులుగా నుండలేదు; అవి ప్రజల పాఠశాలలుగా నుండెను. వారమునకొక సాయంకాలము మీ పఠనమందిరమును మీ యూరి భాషోపాధ్యాయులకు విడిచియిండు. వారు తమ పాఠములను ఒండొరులకు చూపుకొందురు. మీలో రైల్వేలో, బ్యాంకులో, ఆసుపత్రిలో, కచేరీలో పనిచేయువారు అక్కడ నిజముగా ఆంగ్లముతో జరుగు పనులేవో వారికి చెప్పుడు. పాతబడిన నమూనాపత్రములను, పట్టికలను ఇండు. అవియే రేపటి పాఠములగును.

ఉపాధ్యాయుడు మన గ్రామములలో నేటికిని గౌరవపాత్రుడే. కాని గౌరవముతో పాఠము రాదు, శిక్షణముతో వచ్చును. మన నేలపై మొలచిన విత్తును పరదేశములు పండించుకొనుచుండగా, దాని పేరును వారి పుస్తకములనుండి వల్లెవేయుచు మనము కూర్చుండుట చాలును. విత్తనము మనది, పొలము మనది, వాన గూడ మన చేతిలోనే యున్నది. దున్నువానికి నాగలి నీయుడు.